వయస్సు వచ్చినవారి నర్సు చదువు

స్త్రీవిద్య యనగానే మన రాజమహేంద్రవరమున బాలికల పాఠశాలలే స్మరణకు వచ్చును. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పినది మొదలు ఈ సీమలో వాదములు పెక్కు చిన్నపిల్లల చదువును గూర్చియే జరిగినవి. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ యూర తొలి వితంతు వివాహము జరిగిన పిమ్మట మఱియొక ప్రశ్న బయలుదేరినది. మరల వివాహము నొల్లని స్త్రీ, బడియీడు దాటిన స్త్రీ, ఒకరి యింట వంట చేసి బ్రదుకుట తప్ప వేఱు దారి యెఱుగని స్త్రీ యేమి చదువవలెను? ఎన్నాళ్లు చదువవలెను?

నేడా ప్రశ్న వేఱు రూపమున మన యిండ్లకు వచ్చినది. పట్టపరీక్షలో కృతార్థురాలై, పదియేండ్లు గుమాస్తాగానో ఉపాధ్యాయినిగానో పనిచేసి, ముప్పదియైదవ యేట నర్సు కాదలచిన గృహిణికి, ఏడాదిన్నరలోపుగనే నర్సు పట్టమిత్తుమని అమెరికా విశ్వవిద్యాలయములు ప్రకటించుచున్నవి. ఇది వంచనయని కొందఱు, వరమని కొందఱు అనుచున్నారు. ఈ సంగ్రహవిద్య నిన్న మొన్న పుట్టినది కాదు గనుక దాని పూర్వవృత్తాంతమును కొంత విచారింతము.

నైటింగేలు 1851లో రైను నదీతీరమునందలి కైసర్స్‌వర్త్ ఆశ్రమమున శిక్షణ పొందినది మూడు మాసములే. అప్పటి కామె వయస్సు ముప్పదియొక్క యేండ్లు. మూడు మాసములలో నర్సు కావచ్చుననుటకు ఈ దృష్టాంతమును చూపువారు కలరు. కాని యంతకుముందు పెక్కేండ్లుగా ఆమె, ఇంటివారి యయిష్టమును సహించుచు, ఆసుపత్రుల నివేదికలను తెప్పించుకొని చదువుచుండెను. 1860లో లండనునందలి సెంట్ తామస్ ఆసుపత్రిలో తన పేరిట పాఠశాల యేర్పడినప్పుడు అందలి శిక్షణకు పెట్టిన గడువు ఒక సంవత్సరము. మూడు మాసములు కాదు.

మఱి పట్టభద్రులకు ప్రత్యేకముగ గడువు తగ్గించినది యెప్పుడు? మొదటి ప్రపంచయుద్ధమున అమెరికాలో నర్సులు చాలక, 1918 వేసవిలో వాసర్ స్త్రీకళాశాలలో నొక శిబిరమును పెట్టిరి. అందు చేరినవారు నాలుగువందలకు పైబడిన పట్టభద్రురాండ్రు. ఏ సాహిత్యమో, చరిత్రమో, గణితమో చదివినవారు. పండ్రెండు వారములలో వారికి శరీరశాస్త్రము, రసాయనము, సూక్ష్మజీవిశాస్త్రము మున్నగునవి బోధించి, తరువాత ఆసుపత్రులకు పంపిరి. అచట మఱి రెండేండ్లకుపైగా రోగుల మంచములకడ పనిచేయవలెను. మూడేండ్ల చదువులో తగ్గినది కొన్ని మాసములు మాత్రమే. శిబిరము ముగిసిన రెండు మాసములకే, నవంబరులో, యుద్ధ మాగిపోయినది. ఏ తొందరకై శిబిరము పుట్టెనో ఆ తొందర తీరిపోయినను వారిలో పెక్కురు ఆసుపత్రులను విడువక శిక్షణ ముగించుకొనిరి.

బడిలో పాఠములు చెప్పువారము గనుక మాకు తెలిసిన సంగతి యొకటి కలదు. సంవత్సరాంతమున దినములు చాలక పాఠ్యభాగమును త్వరపెట్టునప్పుడు ఏదో యొకటి వదలివేయుదుము. వదలినది విద్యార్థికి ముందే వచ్చినదైన నష్టము లేదు. రాని దానినే వదలితిమా, పరీక్షలో గాకున్నను తరువాతనైనను బయటపడును. చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు కావలసిన గుణములును నాలుగే: ఉపచారము నెఱిగియుండుట, చేతి నేర్పు, రోగియెడ ననురాగము, శుచిత్వము. ఇందు మొదటిదానిలో కొంత పుస్తకములవలన వచ్చును. బుద్ధి పరిపక్వమైనవారు బాలికలకంటె త్వరగా గ్రహింపవచ్చును. పిల్లలను పెంచి, అత్తమామలకు సేవచేసిన స్త్రీకి మూడవది నేర్పనక్కఱలేకపోవచ్చును. కాని చేతినేర్పు? సూది గ్రుచ్చుటయు, పుండు కడిగి కట్టుటయు, నడిరేయి రోగి ఊపిరిలోని మార్పును కనిపెట్టుటయు బి. ఏ. పట్టము వలన రావు.

ఈ భేదమును చక్కగా గుర్తెఱిగినవారు మన యూర జన్మించిన దుర్గాబాయమ్మగారు. 1909లో ఇచట పుట్టిన యామెకు ఎనిమిదవ యేటనే వివాహమైనది. పెరిగిన పిదప ఆమె యా బంధమునుండి తొలగిపోయినది. ఉప్పుసత్యాగ్రహమున చెఱసాలకేగి, వెలుపలికి వచ్చిన తరువాత, ఈడు గడచినదనక కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనునకు చదివి, 1942 నాటికి న్యాయశాస్త్ర పట్టమును బడసెను. తాను నడచిన త్రోవనే ఇతర స్త్రీలకును చూపుటకై చెన్నపట్టణమున ఆ పరీక్షకు వారిని సిద్ధపఱచుచు వచ్చెను. 1937లో నేర్పడిన ఆంధ్ర మహిళాసభకు అదియే మొలక.

1946లో భోరు సంఘమువారు తమ నివేదికలో దేశమంతట నర్సులు ఏడువేలే, అనగా నలుబది మూడువేల జనమునకు ఒక్కరే, యని చూపిరి. పల్లెలలో నర్సు శిక్షణకు పంపుటకు స్త్రీలు లేకకాదు. ప్రవేశమునకు వలయు పాఠశాల చదువు గలవారే లేరు. దుర్గాబాయమ్మగారు అధ్యక్షురాలుగ నున్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో సంగ్రహ విద్యాక్రమములను ప్రారంభించినది ఈ లోటును పూరించుటకే. వయస్సు వచ్చిన స్త్రీలకు పెక్కేండ్ల బడిచదువును రెండేండ్లలో నేర్పి, ఉపాధ్యాయినులుగను, నర్సులుగను, మంత్రసానులుగను శిక్షణకు అర్హత కల్పించుట దాని యుద్దేశము. సంగ్రహించినది బడిచదువును. ఆసుపత్రిలోని శిక్షణ జోలికి పోలేదు.

అమెరికాలో 1971లో సెంట్ లూయీ విశ్వవిద్యాలయము అన్యశాస్త్ర పట్టభద్రులకు త్వరిత నర్సువిద్యను ప్రారంభించినది. 1974లో యేలు విశ్వవిద్యాలయము అట్టివారినే తీసికొని మూడేండ్లలో ఎమ్మే స్థాయికి చేర్చు క్రమమును నెలకొల్పినది. పూర్వపట్టములోని సామాన్య విషయములను లెక్కకు తెచ్చుకొనుట వీని మర్మము. శరీరనిర్మాణము, రసాయనము, గణాంకశాస్త్రము వంటివి చేరుటకు ముందే ముగింపుమనుదురు. ప్రకటనలోని పండ్రెండు పదునెనిమిది మాసములలో ఆ కాలము చేరదు. చదువునపుడు ఉద్యోగము చేయుట ఇంచుమించు అసాధ్యము. తుద కందఱికిని ఎన్‌క్లెక్స్ పరీక్ష యొక్కటే. మన దేశమున నిట్టి దారి లేదు. ఇచట పోస్ట్ బేసిక్ అను రెండేండ్ల చదువు ఇదివఱకే నర్సులైనవారికి మాత్రమే. ఇతర పట్టభద్రురాలు పదునేడేండ్ల బాలికతోగూడ మొదటి సంవత్సరమున కూర్చుండవలసినదే. ఇది మాకు న్యాయముగ తోపదు. జీవశాస్త్రమున పట్టము గల స్త్రీ కా పాఠములనే మరల చెప్పుట కాలహరణము.

విదేశమునకు పోదలచినవారు ఇంటిని కుదువబెట్టుటకు ముందు మూడు సంగతులు వ్రాతమూలముగ తెలిసికొనవలెను: మన యిచటి పట్టములో నేయే పాఠములను వారు లెక్కించుకొందురు, ఆసుపత్రిలో రోగులకడ నెన్ని గంటలు పనిచేయింతురు, ఆ చదువు ముగించినవారిని ఏ రాష్ట్రములు అనుజ్ఞాపరీక్షకు కూర్చుండనిత్తురు. రెండవ ప్రశ్నకు తిన్నగ సమాధానము రాని చోట రుసుము కట్టవలదని మా సలహా.