స్తంభ కాక్టస్‌కు ఎరువు ఎప్పుడు, ఎంత? తట్టాంచావడి మిద్దెలకు సరిపడే పద్ధతి

మిద్దెపై ఏళ్లపాటు నిటారుగా పెరిగిన కాక్టస్ ఒక్కసారిగా కూలిపోతే ఎండనో, నీళ్లు చాలకపోవడాన్నో అనుమానిస్తాం. తీరప్రాంతాల్లో చాలాసార్లు అసలు కారణం అందుకు విరుద్ధం. వానాకాలంలో వేర్ల దగ్గర నిలిచిన తేమ ఒకటి, ఆ వానకు ముందు వేసిన నత్రజని ఎరువు రెండోది. రెండూ కలిస్తే పదేళ్ల మొక్క కూడా రెండు వారాల్లో మెత్తబడిపోతుంది.

పుదుచ్చేరి నగరంలోని తట్టాంచావడి పేరు తెలుగు పాఠకులకు కొంత పరిచయమే. 2021 ఎన్నికల్లో ఎన్. రంగస్వామి రెండుచోట్ల పోటీ చేసి, యానాంలో ఓడి, గెలిచిన నియోజకవర్గం ఇది. పారిశ్రామికవాడ, వ్యవసాయ శాఖ కార్యాలయాలు, వాటి చుట్టూ మిద్దె ఇళ్లు ఉన్న ప్రాంతం. సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరమే. పుదుచ్చేరిలో ఏటా సుమారు 1,300 మిల్లీమీటర్ల వాన పడితే అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు 24 గంటల్లోనే 46 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 55 సెంటీమీటర్లు. ఎడారి మొక్కల పుస్తకాల్లో ఈ లెక్క ఉండదు. యూరప్, అమెరికా పుస్తకాలు చలికాలంలో ఎరువు ఆపమంటాయి. ఇక్కడ ఆపాల్సింది చలికి భయపడి కాదు, వానకు భయపడి.

కాక్టస్సా, జెముడా?

ముందు మొక్కను గుర్తుపట్టాలి. పల్లెల్లో కంచెగా కనిపించే బొమ్మజెముడు, పచ్చని కాడల్లా గుబురుగా పెరిగే కాడజెముడు కాక్టస్‌లు కావు, యుఫోర్బియాలు. గిచ్చితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, కార్నియాకు గాయం, తాత్కాలికంగా చూపు మందగించడం జరగవచ్చు. వాటిని కోసేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పాలు కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

అసలైన కాక్టస్‌లో ముళ్లు నేరుగా కాండం నుంచి రావు. నూగుతో నిండిన చిన్న మెత్తలాంటి బుడిపె నుంచి గుత్తిగా వస్తాయి. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలదే. మన పొలం గట్ల నాగజెముడు కూడా అక్కడి నుంచి వచ్చిందే. అది దక్షిణ భారతంలో అదుపు తప్పి పాకినప్పుడు, 1926లో దాన్ని తినే కోచినీల్ పురుగును తెచ్చి వదలాల్సి వచ్చింది. ఇళ్లలో రాత్రిపూట పూసే ‘బ్రహ్మకమలం’ కూడా ఒక కాక్టస్సే. కాకపోతే అది అడవి చెట్ల కొమ్మలపై బతికే రకం. దానికి నీడ, తేమ కావాలి కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి దానికి వర్తించదు.

తీరానికి ఏ రకాలు?

కొత్తగా మొదలుపెట్టేవారికి సీరియస్ జాతి మంచిది. వేగంగా పెరుగుతుంది, తేమను కొంత ఓర్చుకుంటుంది, కొమ్మ నాటినా వేళ్లు వేస్తుంది. ముదిరాక వేసవి రాత్రుల్లో పెద్ద తెల్లని పూలు పూస్తుంది. ఒక్కో పువ్వు ఒక్క రాత్రే ఉంటుంది. నీలిరంగు పూతతో ఆకట్టుకునే పైలోసీరియస్ రకాలు చాలావరకు బ్రెజిల్‌వి. వేడి రాత్రులు వాటికి అలవాటే కనుక ఇక్కడ బాగానే కుదురుకుంటాయి. మెక్సికోలో కంచెలకు వాడే మార్జినాటస్ రకాన్నీ ప్రయత్నించవచ్చు.

తెల్లని జుట్టులాంటి నూలు కప్పుకున్న ‘ముసలి తాత’ కాక్టస్‌తో జాగ్రత్త. ఆ నూలులో వాన నీరు నిలుస్తుంది. పైకప్పు లేకుండా ఇక్కడ నిలబెట్టడం కష్టం. సినిమాల్లో కనిపించే అరిజోనా సాగ్వారో చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కుండీకి సరిపడే మొక్క కాదు.

కడియం నర్సరీల నుంచి తెచ్చినా, కలింపాంగ్ కొండల నుంచి పార్సిల్‌లో తెప్పించినా, మొక్కను నేరుగా మిద్దె ఎండలో పెట్టకూడదు. రెండు మూడు వారాలు 50 శాతం షేడ్‌నెట్ కింద ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయాలి. కుండీకి ఒకవైపు గుర్తు పెట్టుకుని, చోటు మార్చినా అదే వైపు పడమటి ఎండకు ఉండేలా చూస్తే కాలిన మచ్చలు పడవు.

మట్టి తప్పయితే ఎరువు వృథా

పుదుచ్చేరి పరిసరాల ఎర్రమట్టి కుండీలో గట్టిపడి గాలి ఆడనివ్వదు. నర్సరీ కుండీల్లో ఉండే కోకోపీట్ వానాకాలంలో రోజుల తరబడి తడిగా ఉంటుంది, వేసవిలో పూర్తిగా ఎండితే మళ్లీ నీరు పీల్చుకోదు. కొనగానే దాన్ని వేర్ల నుంచి సున్నితంగా దులిపేయడం మేలు.

మూడు పాళ్లు గరుకు పదార్థం, ఒక పాలు సేంద్రియ పదార్థం ఉన్న మిశ్రమం తీరానికి సరిపోతుంది. గరుకు పదార్థమంటే 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు, జల్లించిన ముతక ఇసుక. ఎం-శాండ్ అయితే దుమ్ము పోయేదాకా కడగాలి. సముద్రపు ఇసుక ఉప్పు వల్ల పనికిరాదు. సేంద్రియ పదార్థంగా బాగా చివికిన వర్మీకంపోస్టు లేదా ఆకుల ఎరువు వాడవచ్చు. పచ్చి పశువుల ఎరువు వద్దు. కుండీ మట్టిదైతే తేమ గోడల గుండా ఆరుతుంది, బరువుండటం వల్ల గాలికి పడిపోదు. వేరుగడ్డ కంటే రెండు అంగుళాలు మాత్రమే పెద్దదిగా ఉండాలి. మొక్కకు మించిన కుండీలో వేర్లు అందుకోని మట్టి తడిగానే మిగిలిపోతుంది.

ఎరువులో చూడాల్సిన అంకె

సంచిపై ఉండే మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. కాక్టస్‌కు మొదటిది తక్కువగా, మూడోది ఎక్కువగా ఉండాలి. నత్రజని ఎక్కువైతే కణజాలం నీరుపట్టి మెత్తగా పెరుగుతుంది, తొక్క పగులుతుంది, కుళ్లు తేలిగ్గా పట్టుకుంటుంది. 46 శాతం నత్రజని ఉన్న యూరియా కుండీ కాక్టస్‌కు అవసరమే లేదు.

ఎరువుల దుకాణాల్లో దొరికే నీటిలో కరిగే రకాలతోనే మిశ్రమం తయారవుతుంది. 10 లీటర్ల బకెట్ నీటిలో 19:19:19 రకం 5 గ్రాములు, 0:0:50 రకం అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 3 గ్రాములు కలపాలి. అప్పుడు లీటరుకు సుమారు 95 మిల్లీగ్రాముల నత్రజని, అంతే భాస్వరం, 245 మిల్లీగ్రాముల పొటాష్ అందుతాయి. చెంచాతో అంచనా వేయకుండా చిన్న వంటింటి త్రాసుతో తూయడం మంచిది. రెట్టింపు వేస్తే రెట్టింపు పెరగదు, వేరు కొసలు మాడతాయి.

క్యాల్షియం నైట్రేట్ వేయాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. బోరు నీళ్లు వాడేవారికి సాధారణంగా అక్కర్లేదు, ఆ కఠిన జలంలోనే క్యాల్షియం ఉంటుంది. వాన నీళ్లే వాడేవారు ఏడాదికి రెండు మూడుసార్లు లీటరుకు అర గ్రాము చొప్పున ఇవ్వవచ్చు. దాన్ని పై మిశ్రమంతో కలపకూడదు. సల్ఫేట్, ఫాస్ఫేట్‌లతో కలిస్తే అడుగున తెల్లని మడ్డిగా పేరుకుంటుంది. వేపపిండి కుండీకి ఏడాదికి ఒకసారి, జనవరిలో, ఒక చెంచా చాలు.

ఎరువు ఎప్పుడూ తడి మట్టికే ఇవ్వాలి. ముందురోజు నీళ్లు పోసి, మర్నాడు సాయంత్రం ఎరువు నీళ్లు అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. కొత్తగా నాటిన మొక్కకు, వేళ్లు లేని కొమ్మకు, జబ్బుపడిన మొక్కకు ఎరువు వేయకూడదు. మందు అనుకుని వేసే ఎరువే చాలా మొక్కల ప్రాణం తీస్తుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

కాక్టస్ పగలు ఆకురంధ్రాలను మూసుకుంటుంది. రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో చక్కెరగా మార్చుకుంటుంది. అందువల్ల పెరుగుదలకు పగటి వేడి కంటే రాత్రి చల్లదనం ముఖ్యం. తట్టాంచావడి క్యాలెండర్ ఈ సూత్రం మీదే ఆధారపడుతుంది.

జనవరి మధ్య నుంచి ఏప్రిల్ వరకు: ఇదే అసలు పెరుగుదల కాలం. రాత్రులు చల్లగా, పగళ్లు వెలుతురుగా ఉంటాయి. మూడు వారాలకోసారి ఎరువు, మట్టి లోపలిదాకా ఆరాక నీళ్లు.

మే: రాత్రి ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మొక్క దాదాపు నిద్రపోతుంది. ఎరువు ఆపాలి. నీళ్లు సాయంత్రం మాత్రమే పోయాలి.

జూన్ నుంచి ఆగస్టు: అప్పుడప్పుడు సాయంత్రపు జల్లులు పడతాయి. నెలకోసారి ఎరువు.

సెప్టెంబరు మొదటి వారం: చివరి విడత. 19:19:19 మానేసి, 0:0:50 ఒక్కటే లీటరుకు అర గ్రాము. ఆ తర్వాత ఏమీ వద్దు.

అక్టోబరు నుంచి జనవరి మొదటి వారం: ఎరువు పూర్తిగా బంద్. ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో వస్తాయి. అప్పటికి మొక్క కొత్త లేత పెరుగుదల ఆపి, తొక్క గట్టిపడి ఉండాలి. వాన మొక్కపై పడకుండా చూస్తే నెలకోసారి కొద్దిగా నీళ్లు చాలు.

ఈ విరామం పాటించకపోతే ఇంకో నష్టముంది. మబ్బుల రోజుల్లో ఎరువు అందిన స్తంభం వెలుతురు కోసం సన్నగా సాగుతుంది. జనవరిలో ఎండ తగిలాక పైభాగం మళ్లీ లావవుతుంది. మధ్యలో ఏర్పడిన సన్నని మెడ ఇక ఎప్పటికీ సరికాదు. రెండు మూడేళ్ల తర్వాత పైబరువుతో అక్కడే విరుగుతుంది.

నీళ్లలో దాగిన ఉప్పు

పుదుచ్చేరి తాగునీరు ప్రధానంగా భూగర్భ జలమే. తీరం వెంబడి దానిలోకి సముద్రపు ఉప్పు చొరబడుతోంది. తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదన్నది భారతీయ ప్రమాణం. కాక్టస్‌కు 300 లోపు ఉంటే మేలు. చిన్న టీడీఎస్ మీటరుతో ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్లను మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. కుండీ కాక్టస్‌కు అది హాని. తాగే నీటి నుంచి తీసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీరు, మిద్దెపై పట్టిన వాన నీరు మంచివి. మట్టిపై తెల్లని పొర, కొత్త చిగురు పసుపు రంగు కనిపిస్తే ఎరువు చాలలేదనుకుని ఇంకా వేయకూడదు. ఉప్పు, క్షారం ఎక్కువై వేరు ఇనుమును తీసుకోలేకపోతోందని అర్థం. ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు నెమ్మదిగా పోసి ఉప్పును కడిగేయాలి.

తుపాను హెచ్చరిక వస్తే

పాలికార్బనేట్ రేకు కింద, పక్కల గాలి ఆడేలా ఉంచడమే వానాకాలపు ప్రధాన రక్షణ. తుపాను వేళ ఆ రేకే ప్రమాదం. ముందే విప్పి కింద పెట్టాలి. మిద్దె అంచున, పిట్టగోడపై కుండీలు ఉండకూడదు. ఐదడుగుల కాక్టస్ వీధిలోకి పడితే మనిషికి గాయమవుతుంది. కదిలించగల కుండీలను గోడ వారగా పక్కకు పడుకోబెట్టాలి. అప్పుడు మట్టిలోకి నీరు దిగదు, గాలికి విరగదు. వాన ఆగిన మర్నాడే నిలబెట్టాలి.

ఒకవేళ కుండీ నిండా నీరు నిలిస్తే మొక్కను బయటకు తీసి, తడి మట్టి దులిపి, నీడలో మూడు నాలుగు రోజులు వేళ్లు ఆరబెట్టి, పొడి మిశ్రమంలో నాటాలి. వారం వరకు నీళ్లు పోయకూడదు.

కుళ్లు, పిండినల్లి

మొదలు దగ్గర గోధుమరంగు బెరడు రావడం వయసు లక్షణం. నొక్కితే గట్టిగా ఉంటే భయం లేదు. నల్లబడి మెత్తగా, తడిగా ఉంటే కుళ్లు. ఆగకుండా కోయాలి. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కుళ్లుకు పైన కోస్తూ, మధ్యలోని వలయంలో ఎర్రని, గోధుమ చుక్క లేని శుభ్రమైన కోత వచ్చేదాకా వెళ్లాలి. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. కోసిన చోట గంధకం పొడి లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ అద్ది, గాలి తగిలే నీడలో రెండు వారాలకు తక్కువ కాకుండా ఆరబెట్టి నాటాలి. వానాకాలంలో మూడు నాలుగు వారాలు పట్టవచ్చు.

పెరుగుదల ఆగి, కారణం తెలియకపోతే కుండీ నుంచి తీసి వేళ్లు చూడాలి. తెల్లని దూదిలాంటి పొడి ఉంటే వేరు పిండినల్లి. వేళ్లు కడిగి, పాత మట్టి పారేయాలి. కాండంపై ఉంటే స్పిరిట్‌లో ముంచిన కుంచెతో తుడిస్తే సరి. నీలిరంగు రకాలపై వేపనూనె కొట్టవద్దు, మైనపు పూత పోతుంది, ఎండలో మచ్చలు పడతాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి

నెల్లూరు, తిరుపతి ప్రాంతాలకు కూడా పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కాబట్టి పై క్యాలెండర్ దాదాపుగా సరిపోతుంది. హైదరాబాద్, వరంగల్‌లలో ప్రధాన వాన జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు. అక్కడ జూన్‌లో ఎరువు ఆపి, అక్టోబరు, నవంబరు నెలల్లో మళ్లీ మొదలుపెట్టి, డిసెంబరు, జనవరి చలిలో విరమించి, ఫిబ్రవరి, మార్చిలలో కొనసాగించాలి. యానాం, కాకినాడ, విశాఖ తీరానికి రెండు రుతుపవనాల వానలూ ఉంటాయి. జూన్ నుంచి నవంబరు దాకా పైకప్పు ఉంచి, జనవరి నుంచి ఏప్రిల్ వరకే ఎరువు వేయడం క్షేమం.

ఊరు ఏదైనా లెక్క ఒకటే. మీ ఊరి పెద్ద వానలకు ఆరు వారాల ముందు చివరి ఎరువు, అవి వెళ్లి మట్టి ఆరాక మొదటి ఎరువు.