లినక్సు డిస్కులో స్వాప్ విభాగము: పూర్వవృత్తాంతము

పొన్నూరు ప్రాంతపు మాగాణిలో కళ్లమునకై విడిచిన నేల పైరు మోయదు. అయినను కుప్ప నూర్చుటకు ఆ చోటు లేనిచో చేనిగింజ గాదె చేరదు. లినక్సు నెక్కించునపుడు డిస్కులో స్వాప్ అను పేర వేరుచేసెడు భాగమును నేనట్టి కళ్లముగనే భావింతును. అందు మన పత్రములుగాని చిత్రములుగాని నిలువయుండవు. మెమరీ చాలనపుడు పనిలో లేని మెమరీ ఖండములు, అనగా పుటలు, అచ్చట దిగి, అవసరము పడినపుడు మరల పైకి వచ్చును.

ఈ ఉపాయము లినక్సుకంటె ప్రాచీనము. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్బర్న్ నాయకత్వమున నిర్మితమై 1962 డిసెంబరున ప్రారంభమైన అట్లాస్ యంత్రమున, వేగముగల ప్రధాన మెమరీ మిక్కిలి ఖరీదగుటచే, దానికి ఆరింతల నిడివిగల అయస్కాంతపు డ్రమ్ములను జోడించి, 512 పదముల పుటలుగా సమాచారమును అటునిటు మార్చుచు, ప్రోగ్రాము వ్రాయువానికి రెండును ఒకే విశాలమైన మెమరీగా భాసించునట్లు చేసిరి.

ఇక స్వాప్‌నకు చోటునిచ్చు, డిస్కును ఖండించు పద్ధతి ఐబీఎం వ్యక్తిగత కంప్యూటరులకు 1983లో వచ్చినది. 10 మెగాబైట్ల డిస్కుగల ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో, 512 బైట్ల తొలి సెక్టారున 64 బైట్లు మాత్రమే విభాగపట్టికకు కేటాయించి, నాలుగు పద్దులకే తావిచ్చిరి. ఆ ఇరుకు పట్టికయే పిదప అనేక సంవత్సరములు లోకమును శాసించినది.

హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ చరిత్రలో ఈ విభాగములకు విశేషస్థానము కలదు. 1991లో ఆయన తన ఇంటి యంత్రమున మోడెమునకు పంపవలసిన ఆజ్ఞలను పొరబాటున డిస్కులో మినిక్స్ అను నిర్వహణవ్యవస్థ గల విభాగమునకు పంపగా అది చెడిపోయెను. దానిని పునరుద్ధరింపక, తాను వ్రాయుచున్న లినక్సునే ఆయన పూర్తిగా ఆశ్రయించెను. ఆ శీతకాలముననే జర్మనీలో రెండు మెగాబైట్ల మెమరీ మాత్రమేగల ఒకరు, తన యంత్రమున లినక్సు కెర్నెలు కంపైలు కాకున్నదనియు, ఇంతకంటె చిన్న కంపైలరు కావలెననియు కోరగా, లైనస్ కంపైలరును చిన్నదిగా చేయుటకు బదులు, క్రిస్మస్ దినములలో కూర్చుండి, మెమరీ పుటలను డిస్కునకు తరలించు ఏర్పాటును రచించి, 1992 జనవరిలో 0.12వ కూర్పుతో విడుదల చేసెను. తన యంత్రమునకు అంతగా అక్కరలేని పనిని, కలిమిలేని ఒకానొకనికొరకు చేసిన ఈ ఔదార్యము నాకు మిక్కిలి హృద్యము.

అటుపిమ్మట ఎఫ్‌డిస్క్‌తో విభాగమును కల్పించి, దానికి 82 అను గుర్తు నిచ్చి, ఎమ్‌కేస్వాప్‌తో సిద్ధపరచి, స్వాపాన్‌తో వాడుకకు తెచ్చుట పరిపాటి యయ్యెను. మెమరీకి రెండింతలు స్వాప్ ఉంచవలెనను సూత్రము, మెమరీ కొద్దిగానున్న దినములది. పెద్ద మెమరీగల నేటి యంత్రములకు దానిని గ్రుడ్డిగా అన్వయింపరాదు. 2017లో ఉబుంటు 17.04 కూర్పు క్రొత్తగా నెక్కించుచోట్ల ప్రత్యేక విభాగమునకు బదులు స్వాప్ ఫైలునే వాడనారంభించినది.

తెలుగువారికి లినక్సును తెలుగుననే అందింపవలెనని 2005లో హైదరాబాదున స్వేచ్ఛ సంస్థ పూనుకొన్నది. పొన్నూరు, తెనాలి, బాపట్లలలోని విద్యార్థులారా, పాత కంప్యూటరును నిరర్థకమని పారవేయక, అందు లినక్సు నెక్కించి చూడుడు. అయితే విభాగములపై చేయి వేయుటకు ముందు మీ ఫైళ్ల ప్రతిని వేరొకచోట భద్రపరచుకొనుడు, డిస్కు పేరును రెండుమారులు చదువుకొనుడు.