తుపాకి చప్పుడూ, వినే యంత్రమూ

శాస్త్రపరికరాల చరిత్రను సాధారణంగా వాటిని కనిపెట్టిన మేధావుల చరిత్రగానే వ్రాస్తారు. ఒక పరికరం యే ప్రశ్నకు జవాబుగా పుట్టింది, తర్వాత దాన్ని యే ప్రశ్నకు జవాబుగా అమ్మజూపారు అనే విచారణ వెనకబడిపోతుంది. తుపాకి పేలిన చప్పుడు విని, అది యే వీధిలో పేలిందో పోలీసులకు చెప్పే యంత్రాంగం గత ముప్పై యేళ్లలో అమెరికా నగరాలలో వ్యాపించిన తీరును పరిశీలిస్తే యీ లోపం యెంతటిదో తెలుస్తుంది.

దీని పుట్టుక యుద్ధరంగంలో. 1915 నాటికి ఐరోపా పశ్చిమరంగంలో సైన్యాలు కందకాలలో కూరుకుపోయాయి. ఫిరంగులు గుట్టల వెనక, చెట్ల మాటున దాగి కాల్చేవి. కంటికి కనిపించని ఫిరంగిని చెవితో పట్టాలనే ఆలోచన రెండు పక్షాలకూ కలిగింది. బ్రిటిషు సైన్యం యీ పనిని విలియం లారెన్స్ బ్రాగ్ అనే 25 యేళ్ల భౌతికశాస్త్రజ్ఞునికి అప్పగించింది. ఎక్స్ కిరణాలతో స్ఫటికాల నిర్మాణాన్ని తెలుసుకున్నందుకు తండ్రితో పాటు అతనికి నోబెల్ బహుమానం వచ్చింది ఆ సంవత్సరమే. అతని తమ్ముడు గల్లిపోలీలో చనిపోయిందీ ఆ సంవత్సరమే.

సూత్రం తేలికైనదే. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. దూరదూరంగా మైక్రోఫోన్లు పెట్టి, ఒకే పేలుడు వాటిలో ఒక్కొక్కదాన్ని యెంత ఆలస్యంగా చేరిందో కొలిస్తే, ఆ తేడాలను బట్టి పటం మీద గీతలు గీసి ఫిరంగి వున్న చోటును గుర్తించవచ్చు. చిక్కల్లా మైక్రోఫోనుతోనే వచ్చింది. ధ్వనికంటె వేగంగా దూసుకొచ్చే గుండు కొరడా ఝళిపించినట్టు ఒక చప్పుడు చేస్తుంది. ఆనాటి మైక్రోఫోన్లకు అదే వినిపించేది గాని, ఫిరంగి నోట వెలువడే మంద్రమైన గర్జన వినిపించేది కాదు. ఆ గర్జన చెవికంటె వొంటికే బాగా తెలిసేది. బ్రాగ్ తాను బస చేసిన ఇంటి మరుగుదొడ్డిలో కూర్చున్నప్పుడు, ఫిరంగి మోగినప్పుడల్లా గాలి వొత్తిడికి తాను పీటమీద నుంచి కొద్దిగా లేస్తున్నట్టు గమనించాడట! అతని దళంలోని టక్కర్ అనే కార్పొరల్ 1916లో వుపాయం చెప్పాడు. సన్నని ప్లాటినం తీగను విద్యుత్తుతో వేడిచేసి వుంచితే, ఆ గర్జన తెచ్చే గాలివిసురుకు తీగ చల్లబడుతుంది, దాని నిరోధం మారుతుంది. గుండు చేసే చప్పుడును యీ తీగ పట్టించుకోదు. 1917 నవంబరులో కాంబ్రె యుద్ధం నాటికి, ముందుగా గుళ్లు పేల్చి గురి సరిచూసుకోవలసిన పని లేకుండానే, బ్రిటిషువారు జర్మన్ ఫిరంగుల మీద ఒక్కసారిగా విరుచుకుపడగలిగారు.

ఆ యుద్ధం న్యాయాన్యాయాల చర్చ వేరు. ఇక్కడ గమనించవలసింది ఒకటే. కందకంలో వున్న సైనికునికి యెదుటివాడెవడో, యెందుకు కాలుస్తున్నాడో ముందే తెలుసు. పోనీ, తెలుసునని అతనికి చెప్పారు. తెలియవలసిందల్లా యెక్కడనుంచి కాలుస్తున్నాడన్నదే. బ్రాగ్ పరికరం ఆ ఒక్క ప్రశ్నకు పుట్టిన జవాబు.

ఆ సూత్రాన్నే 1990లలో కాలిఫోర్నియా నగరాలకు తీసుకొచ్చారు. ఈస్ట్ పాలో ఆల్టో అనే చిన్న వూరు 1992లో 42 హత్యలతో, జనాభాను బట్టి చూస్తే, దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. పక్కనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, చుట్టూ సిలికాన్ వేలీ సంపద. భూకంపం యెక్కడ పుట్టిందో లెక్కకట్టే పద్ధతితోనే తుపాకి పేలిన చోటునూ లెక్కకట్టవచ్చునని ఆ ప్రాంతపు భూకంప శాస్త్రజ్ఞుడు జాన్ లార్ ప్రయత్నం చేశాడు. 1996లో రాబర్ట్ షోవెన్ ప్రభృతులు షాట్‌స్పాటర్ కంపెనీని స్థాపించారు. రెడ్‌వుడ్ సిటీలో మొదలైన యీ వ్యాపారం 2017లో షేర్‌మార్కెట్ కెక్కింది. 2023లో కంపెనీ సౌండ్‌థింకింగ్ అని పేరు మార్చుకున్నది.

మేడల మీదా దీపస్తంభాల మీదా సెన్సర్లు బిగిస్తారు. చప్పుడు కనీసం మూడింటికి వినబడితే కంప్యూటరు దాన్ని వడపోస్తుంది, కంపెనీ వుద్యోగి ఒకరు విని అవునో కాదో తేలుస్తారు, నిమిషంలోపల పోలీసులకు కబురు పోతుంది. ఖాళీ పొలాలలో పనిచేసిన సూత్రం కట్టడాల మధ్య ప్రతిధ్వనులతో, టపాకాయలతో, లారీల చప్పుళ్లతో పెనుగులాడవలసి వుంటుంది. తమ ఖచ్చితత్వం 97 శాతమని కంపెనీ చెప్పుకున్నది. ఆ లెక్క వచ్చిన దారి చూడండి: పొరపాటు జరిగిందని పోలీసుశాఖ తిరిగి ఫిర్యాదు చేస్తేనే అది పొరపాటు, చేయకపోతే ఒప్పు! పరీక్షలో తప్పులు తానే చూపించుకోని విద్యార్థులందరికీ మంచి మార్కులు వేసే మాస్టారిని యేమనుకుంటాం?

చికాగో కథ యీ చరిత్రకు గుండెకాయ. 2018లో ఆ నగరం మూడేళ్లకు 3 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నది. సెన్సర్లు బిగించినది 12 పోలీసు జిల్లాలలో, నగరంలో నల్లజాతివారూ లాటిన్ అమెరికా సంతతివారూ అత్యధికంగా నివసించే దక్షిణ, పశ్చిమ భాగాలలో. ఆ పటాన్ని మొదట గీసింది సెన్సర్లవాళ్లు కారు. 1930లలో ఇళ్లకు అప్పులిచ్చే ప్రభుత్వసంస్థ పటాల మీద నల్లవారి పేటలకు యెర్రరంగు పూసింది. 1966 ఆగస్టులో, అద్దెకు ఇల్లు దొరికే హక్కుకోసం మార్క్వెట్ పార్క్‌లో వూరేగింపు నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలింది. 1971లో స్టాక్‌యార్డులు మూతపడ్డాయి. 1980 మార్చిలో విస్కాన్సిన్ స్టీల్ మూతపడి మూడువేలమందికి పైగా కార్మికులు రోడ్డున పడ్డారు. ఒకప్పుడు 20 వేలమంది పనిచేసిన సౌత్ వర్క్స్ వుక్కు కర్మాగారం 1992లో మూతపడింది. అదే యేడు చికాగోలో 940కి పైగా హత్యలు జరిగాయి. ఇదంతా కార్యకారణ సంబంధమని గణితంలాగ నిరూపించలేము. తుపాకులు విచ్చలవిడిగా దొరకడం ఒక పెద్ద కారణమే. కాని కర్మాగారాలు మూతపడిన చప్పుడును నమోదుచేయడానికి యెవరూ సెన్సర్లు బిగించలేదు.

ఫలితమేమిటి? నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2021 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. 2020 జనవరి నుంచి 2021 మే దాకా 50,176 హెచ్చరికలు రాగా, తుపాకినేరం జరిగిన ఆధారం దొరికినది 9.1 శాతంలోనే. న్యూయార్కు ఆడిటర్లు 2023 జూన్‌లో వచ్చిన 940 హెచ్చరికలను పరిశీలిస్తే నిజంగా కాల్పులని తేలినవి 13 శాతం. తూటా తొడుగు దొరకనంత మాత్రాన తుపాకి పేలలేదనలేమని కంపెనీ వాదించింది, ఆ వాదంలో నిజం లేకపోలేదు. అయితే 1999 నుంచి 2016 దాకా 68 మహానగర కౌంటీలను పరిశీలించిన అధ్యయనం, యీ యంత్రం వచ్చినచోట తుపాకిహత్యలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2021లో తేల్చింది.

అంతకన్న లోతైన విషయం చికాగో నివేదికలోనే మరొకటి వుంది. ఫలానా పేటలో హెచ్చరికలు తరచుగా వస్తాయన్న భావనతోనే కొందరు పోలీసులు దారినపోయే మనుషులను ఆపి సోదా చేశారు. అంటే చప్పుడు వినడానికి పెట్టిన యంత్రం మనుషులమీద అనుమానాన్ని కూడబెట్టింది. నేలమీద ఒక చుక్క గుర్తిస్తే అక్కడున్న ప్రతివాడూ శత్రువే అనే కందకపు తర్కం పేటలోకి దిగింది. 2021 మార్చిలో అలాంటి హెచ్చరిక మీద పరుగెత్తివచ్చిన పోలీసు కాల్పులలో 13 యేళ్ల పిల్లవాడు చనిపోయాడు. హెచ్చరిక నిజమే, తుపాకి పేలిన మాట నిజమే. పోలీసు కాల్చిన క్షణానికి ఆ పిల్లవాని చేతులు ఖాళీగా వున్నాయి.

ఇంతవరకు చెప్పి వూరుకుంటే సగమే చెప్పినట్టు. వాషింగ్టన్‌లో, ఓక్‌లండ్‌లో యీ యంత్రాల లెక్కలను ఆధారంగా తీసుకున్న ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు, తుపాకి పేలిన సంఘటనలలో 12 శాతానికే యెవరైనా 911కు టెలిఫోన్ చేశారని 2016లో చూపారు. కంపెనీకి యిది గొప్ప ప్రచారమైంది: మనుషులు చెప్పరు గనుక యంత్రం చెప్పాలి. తలుపు అవతల తుపాకి పేలితే పోలీసును పిలవని పేట, పోలీసుల గురించి తన తీర్పు యెప్పుడో చెప్పింది. ఆ తీర్పును చదవకుండా, పిలుపు అవసరమే లేని పోలీసింగును యెక్కించారు.

అయినా అవే పేటలలో, నెత్తురు కారుతున్న మనిషి దగ్గరికి నాలుగు నిమిషాలు ముందుగా యెవరు వచ్చినా మంచిదే అనుకునే తల్లులున్నారు. వారిది అమాయకత్వమని కొట్టిపారేసే హక్కు మనకు లేదు. మేయర్ బ్రాండన్ జాన్సన్ తన యెన్నికల వాగ్దానం ప్రకారం 2024 సెప్టెంబరులో చికాగో సెన్సర్లను ఆపివేయించాడు. ఆపవద్దని నగర సభలో గట్టిగా వాదించినవారిలో దక్షిణ, పశ్చిమ వార్డుల నల్లజాతి సభ్యులే పలువురున్నారు. ఆపినచోట వారికి మారుగా యేమి ఇవ్వబోతున్నారని వారు అడిగారు.