ఆవాజ్‌ను అదుపు చేసిన రెండు నాబులు

మన ఇళ్లల్లో పిల్లలు నానీమా లోరీని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ట్యూబ్ కంప్రెసర్ ప్లగిన్ వేస్తున్నారు. తెర మీద రెండు నాబులు, ఒక ముల్లు. ఆ బొమ్మ వెనక లంబీ తారీఖ్ ఉంది.

ఈ హునర్ రేడియో జరూరత్ నుంచి పుట్టింది. ఆవాజ్ హద్దు దాటితే ప్రసారం చెడిపోతుంది. అందుకే ఇంజనీరు చెయ్యి ఎప్పుడూ నాబు మీదే ఉండేది. 1937లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ 110ఎ వచ్చి ఆ కాపలా పనిని మిషన్‌కు అప్పగించింది. 1950ల చివర్లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ 670లోనైతే 20 ట్యూబులు, 11 ట్రాన్స్‌ఫార్మర్లు!

1960లలో జేమ్స్ లారెన్స్ ఎల్‌ఎ-2ఎతో పని ఆసాన్ చేశాడు. ఆవాజ్ పెరిగితే లోపల చిన్న పలక వెలుగుతుంది. ఎదురుగా ఉన్న ఫొటోసెల్ ఆ వెలుగును బట్టి ఆవాజ్‌ను దించుతుంది. వెలుగు ఆరినా సెల్ మెల్లగానే తేరుకుంటుంది. వినిపించే నర్మీ ఎక్కువగా అక్కడిదే. ట్యూబులు ఆవాజ్‌ను పెంచుతాయి. అందుకే రెండు నాబులు సరిపోయాయి: ఎంత నొక్కాలి, ఎంత పెంచాలి.

ప్లగిన్ ఆ మిజాజ్‌ను లెక్కలతో నకల్ చేస్తుంది. ఆసాన్ కదా అని పూర్తిగా తిప్పేస్తే ఖతరా. గుసగుస, పిలుపు ఒకే ఎత్తుకు వస్తాయి. గొంతులోని హెచ్చుతగ్గులతో పాటు దర్ద్ కూడా పోతుంది. గట్టి మాటకు ముల్లు కాస్త వంగాలి, మెల్లటి మాటకు తిరిగి సున్నాకు రావాలి. రేడియో ఇంజనీరు చెయ్యి చేసిందీ అంతే. దాని పేరే ఏతెదాల్, మితం.