వంతెన కయ్యము

ఒక కళ యెచ్చట పుట్టినదను ప్రశ్న సాధారణముగా ఆ కళ ముదిసి, దానికి ప్రాణము పోసినవారందరు గతించి, పండితులు శిథిలపత్రములను వెదకుకొను కాలమునగాని తలయెత్తదు. హిప్ హాప్ విషయమున అట్లు జరుగలేదు. ఆ కళ పుట్టి పదునైదేండ్లయినను నిండకమునుపే, దానిని పుట్టించినవారును, పుట్టుట కన్నులార చూచినవారును సజీవులై యుండగనే, న్యూయార్కు నగరమందలి రెండు పేటల యువకులు దాని జన్మస్థానమునుగూర్చి పాటల రికార్డులమీద వాదమునకు దిగిరి. 1986, 1987 సంవత్సరములలో ముదిరిన ఆ వాదమునకు ‘బ్రిడ్జ్ వార్స్’ అని పేరు. అది పడుచువాండ్ర ప్రగల్భమని త్రోసివేయువారు కలరు. నేనట్లు తలపను. విశ్వవిద్యాలయములును పెద్ద పత్రికలును ఇంకను సరకుచేయని యొక కళ, తన చరిత్రను తన నోటనే చెప్పుకొని, తప్పనితోచినదానిని తన నోటనే ఖండించుకొనిన రీతి అది. అందు గెలిచినదెవరు, కాలమునకు నిలిచినదెవరు అను రెండు ప్రశ్నలకు ఒకే సమాధానము లభింపకుండుటయే ఆ చరిత్రలో విచారింపదగిన ముఖ్యాంశము.

బ్రాంక్స్ న్యూయార్కు నగరములో ఉత్తరభాగము. రెండవ ప్రపంచయుద్ధానంతరము రాబర్ట్ మోజెస్ అను అధికారి పూనికచే క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అను రహదారి నిండుగా జనమున్న పేటలను చీల్చుకొని పోగా, వేలకొలది కుటుంబములు ఇండ్లు విడువవలసివచ్చెను. 1970 దశకమున నగరపాలకుల ఖజానా వట్టిపోయి, అగ్నిమాపక దళములు తగ్గింపబడి, గృహయజమానులు మరమ్మతులు మాని, కొందరు బీమాధనమునకాశపడి తమ కట్టడములను తామే తగులబెట్టించుటచే, దక్షిణ బ్రాంక్స్‌లో వీథులకు వీథులే మొండిగోడలై మిగిలెను. దిక్కులేని యువకులు ముఠాలు కట్టి ఒండొరులను చంపుకొనుచుండిరి. 1971 డిసెంబరులో, సంధి కుదుర్పబోయిన యొక యువకుడు హతుడైన పిదప, హో ఎవెన్యూలోని బాలుర క్లబ్బులో ముఠానాయకులు సమావేశమై శాంతిని ప్రకటించుకొనిరి. ఆ సంధి సంపూర్ణముగా నిలువకపోయినను, ఒక పేటవాడు వేరొక పేటలో జరుగు నృత్యసభకు వెఱపు లేక పోవుటకు దానివలన దారి యేర్పడెను.

ఆ దారినే హిప్ హాప్ వచ్చినది. జమైకానుండి 1967లో బ్రాంక్స్ చేరిన క్లైవ్ కాంబెల్ అను బాలుడు పెరిగి, డీజే కూల్ హెర్క్ అను పేరు దాల్చెను. 1973 ఆగస్టు 11వ తేదీని, అతని సోదరి సిండీ బడి తెరచునాటికి క్రొత్తబట్టలు కొనుటకు సొమ్ము కూర్చుకొనదలచి, సెడ్జ్‌విక్ ఎవెన్యూ 1520వ నంబరు భవనములోని వినోదశాలలో ఒక విందు నేర్పాటు చేయగా, హెర్క్ అందు రికార్డులు వాయించెను. గాయకుని కంఠమాగి వాద్యములలో మద్దెలమ్రోత మాత్రమే మిగులు ఘట్టమునకై నర్తకులు కాచుకొనియుండుట అతడు గమనించెను. ‘బ్రేక్’ అనబడు ఆ ఘట్టము కొలది క్షణములే యుండును. హెర్క్ అట్టి ఘట్టములను ఏరికూర్చి, ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు టర్న్‌టేబుళ్లమీద నిలిపి, ఒకటి ముగియునంతలో రెండవదాని నందుకొనుచు, క్షణకాలపు మ్రోతను ఎంతసేపైనను సాగదీసెను. మైకు పట్టి సభాసదులను పేరుపేరున హెచ్చరించు పని అతని మిత్రుడు కోక్ లా రాక్ వహించెను. పిదప గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ మొదలగువారు ఈ హస్తకౌశలమును శాస్త్రమువలె సంస్కరించిరి. మైకు పట్టినవాడు హెచ్చరికలతో తృప్తిచెందక, ప్రాసలతో లయబద్ధముగా పలుకసాగెను. ఆ పలుకే ర్యాప్.

ఈ కళలో కలహము తరువాత వచ్చి చేరినది కాదు. ఆఫ్రికన్ అమెరికనుల వీథులలో ‘డజన్స్’ అను వాక్కేళి యొకటి చిరకాలముగా కలదు. ఇరువురు ఎదురెదురుగా నిలిచి, ఒకరి వంశమునొకరు చమత్కారముగా దూషించుకొందురు. ముందుగా కోపము తెచ్చుకొన్నవాడు ఓడినట్లు. హెర్క్ పుట్టిన జమైకాలోను, ఎదురెదురుగా శబ్దయంత్రములు నిలిపి, ఎవరి పాటకు జనము మొగ్గునో వారు జయించినట్లెంచు ‘సౌండ్ క్లాష్’ అను ఆచారముండెను. ఈ రెండు పాయలును కలిసిన చోటు బ్రాంక్స్. 1981 డిసెంబరులో హార్లెమ్ వరల్డ్ అను సభాశాలలో, జనరంజకుడని పేరొందిన బిజీ బీ తన్ను మించినవాడు లేడని పలుకగా, కూల్ మో డీ రంగమెక్కి అప్పటికప్పుడు అతనిని నిరాకరించెను. బిజీ బీ కేకలతో సభను ఉర్రూతలూపువాడు. కూల్ మో డీ పదముల కూర్పును, ప్రాసల చిక్కదనమును నమ్మినవాడు. ఆ రాత్రి పలుకులు క్యాసెట్లకెక్కి పేటపేటకు ప్రాకెను. సభను నవ్వించుటకంటె మాటను చెక్కుటయే ర్యాపర్ ధర్మమను అభిప్రాయము బలపడుటకు ఆ క్యాసెట్లు కారణమైనవి. ఒక కలహము కళయొక్క కొలమానమునే మార్చెనన్నమాట.

బ్రాంక్స్‌కు దక్షిణముగా, ఈస్ట్ నదికావల, క్వీన్స్‌బరో వంతెన సమీపమున క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ అను ప్రభుత్వ గృహసముదాయము కలదు. 1939లో తెరువబడిన ఆ వాడలో 3,000కు పైబడిన నివాసములున్నవి. ఉత్తర అమెరికాలో అంతకంటె పెద్ద ప్రభుత్వ గృహసముదాయము లేదు. మార్లీ మార్ల్ అను యువకుడు అచ్చట తన యింటిలో యంత్రములమర్చుకొని పాటలు రికార్డు చేయుచుండెను. 1984లో ‘రోక్సాన్, రోక్సాన్’ అను పాటతో పేరుపొందిన యు.టి.ఎఫ్.ఓ. బృందము, ఒప్పుకొనిన సభకు రాక ఎగవేయగా, ఆ వాడలోనే యున్న పదునాలుగేండ్ల బాలిక, రోక్సాన్ షాంటే అను పేరున, మార్లీ యింటిలో దానికి ప్రత్యుత్తరము పలికెను. ఆ ప్రత్యుత్తరమునకు ఉత్తరములు, వానికి మరల ఉత్తరములు, పదులకొలది రికార్డులుగా వెలువడెను. సభలో ముఖాముఖి జరుగు వాదము రికార్డుల అంగళ్లకును రేడియోకును ఎక్కుటకు దారి చూపినది ఈ బాలికయే.

పిమ్మట మార్లీ మార్ల్ సాహచర్యమున ఎం.సి. షాన్ తన వాడను కీర్తించుచు ‘ది బ్రిడ్జ్’ అను పాట పాడెను. క్వీన్స్‌బ్రిడ్జ్‌లో ఈ వేడుక ఎట్లు మొదలైనదో, ఏయే పెద్దలు ఉద్యానములలో యంత్రములు నిలిపిరో చెప్పుట ఆ పాటలోని విషయము. హిప్ హాప్ అంతయు తమ వాడలో పుట్టినదని తానెన్నడును అనలేదని షాన్ తరువాత పలుమారులు చెప్పెను. కాని బ్రాంక్స్‌వారి చెవులకది జన్మహక్కును హరించుటగానే వినబడెను. ఆ కోపమును మాటలుగా మలచినవాడు కె.ఆర్.ఎస్.-వన్. ఇల్లు లేక బ్రాంక్స్‌లోని నిరాశ్రయుల శరణాలయమున తలదాచుకొన్న ఈ యువకునకు, అచ్చటనే ఉద్యోగియైన స్కాట్ లా రాక్‌తో స్నేహము కుదరగా, ఇరువురును బూగీ డౌన్ ప్రొడక్షన్స్ అను బృందము నెలకొల్పిరి. డబ్ల్యు.బి.ఎల్.ఎస్. రేడియోలో ర్యాప్ పాటలు వినిపించు ప్రసిద్ధుడు మిస్టర్ మ్యాజిక్ వారి తొలి ప్రయత్నమును తృణీకరించియుండెను. అతడు మార్లీ మార్ల్ పక్షపువాడు. కావున వారి ప్రత్యుత్తరములో పేట అభిమానముతోపాటు, ద్వారమువద్ద త్రోసివేయబడినవాని ఆవేదనయు నుండెను.

1986లో వెలువడిన వారి ‘సౌత్ బ్రాంక్స్’ అను పాట ఒక విధమున చరిత్రోపన్యాసము. ఏ ఉద్యానమున ఎవరు వాయించిరి, మొదటివారెవరు, నృత్యగోష్ఠులేవి అని పేర్లతో, స్థలములతో సాక్ష్యము చూపి, క్వీన్స్‌బ్రిడ్జ్ వాదమును పూర్వపక్షము చేసినది. కిస్ రేడియోలో రెడ్ అలర్ట్ అనువాడు దానిని ప్రసారము చేయగా, రెండు పేటల వివాదము రెండు రేడియో స్థానముల వివాదము కూడ ఐనది. షాన్ ‘కిల్ దట్ నాయిజ్’ అను పాటతో బదులిచ్చెను. 1987లో బూగీ డౌన్ వారు ‘ది బ్రిడ్జ్ ఈజ్ ఓవర్’ అను పాటతో ఆ బదులును అణచివేసిరి. ఆ పాటలో కె.ఆర్.ఎస్.-వన్ జమైకా యాసను, జమైకా సభల బాణీని అవలంబించుట గమనింపదగినది. హెర్క్ వెంట వచ్చిన వారసత్వము ఏ పేటదో వేరుగా చెప్పనక్కరలేకుండ ఆ కంఠమే చాటెను. ఐనను ఆ పాటలో రోక్సాన్ షాంటేమీద విసరిన నీచపు మాట దానికి మచ్చయే. ప్రతిపక్షమువారి వాదమును ఖండింపబోయి వారిలోని ఆడపడుచును అవమానించుట ఈ కళను ఆనాటినుండి విడువని దుర్గుణము. కౌశలమును మెచ్చువారు దానిని కప్పిపుచ్చరాదు.

శ్రోతల తీర్పు బ్రాంక్స్‌కే దక్కెను. చారిత్రకముగా ఆ తీర్పు న్యాయమైనదే. కాని విజయమును అనుభవించుటకు తీరిక లేకపోయెను. 1987 ఆగస్టులో, తన బృందములోని యొక బాలునకు అన్యులతో వచ్చిన తగవును తీర్పబోయి స్కాట్ లా రాక్ తుపాకిగుండుకు బలియయ్యెను. ఆ హత్యకును వంతెన కయ్యమునకును సంబంధము లేదు. ఐనను మాటల పోరు, ఆయుధముల పోరు ఒకటి కారాదను విచారము కె.ఆర్.ఎస్.-వన్ హృదయమున నాటుకొనెను. అతడు హింసానివారణోద్యమము నారంభించి, పెక్కురు కళాకారులను కూర్చి, 1989లో ‘సెల్ఫ్ డిస్ట్రక్షన్’ అను పాట వెలువరించెను. దాని ఆదాయము నేషనల్ అర్బన్ లీగ్‌కు చేరెను. 1981నాటి వాదమున జయించిన కూల్ మో డీ ఇందు గొంతు కలిపెను. 1996 సెప్టెంబరున టూపాక్, 1997 మార్చిలో నొటోరియస్ బి.ఐ.జి. అను ర్యాపర్లు హతులగుటనుబట్టి చూచిన, కె.ఆర్.ఎస్.-వన్ భయమెంత దూరదృష్టి గలదో తెలియును.

ఇక నిలుకడ మాట. ఓడిన క్వీన్స్‌బ్రిడ్జ్ మరుగుపడెనా? పడలేదు. ‘ది బ్రిడ్జ్’ పాటకు మార్లీ మార్ల్ 1973నాటి ఒక పాత రికార్డునుండి మద్దెలదెబ్బలను విడివిడిగా శాంప్లర్ యంత్రములోనికెత్తి, తన యిచ్చవచ్చినట్లు మరల కూర్చెను. పాత పాటలోని వరుసను ఉన్నదున్నట్లు త్రిప్పుటకు బదులు, దానిలోని ఒక్కొక్క దెబ్బను అక్షరమువలె తీసి క్రొత్త వాక్యము వ్రాయు ఈ పద్ధతి తరువాతి నిర్మాతలకెల్ల విద్య యైనది. వారిలో బ్రాంక్స్‌వారును కలరు. కయ్యము జరుగునాటికి ఆ వాడలోనే బాలుడై యుండిన నాస్ అను ర్యాపర్ 1994లో ‘ఇల్మాటిక్’ అను సంపుటము వెలువరించెను. 2000లో నాస్, షాన్, మార్లీ మార్ల్ తదితరులు కలిసి ‘ది బ్రిడ్జ్’ను నూతనముగా పాడిరి. ఖండింపబడిన పాట ఖండనముతోపాటు బ్రతికినది. చార్వాకుల గ్రంథములు మనకు దక్కకపోయినను, వారి మతమును నిరాకరింపబూనిన మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహము వారి మాటను మనకందించినట్లు, ‘ది బ్రిడ్జ్’ పేరు ఎరుగనివారికి సైతము దానిని కూల్చవచ్చిన పాట దానిని జ్ఞాపకము చేయుచున్నది. సమర్థుడైన ప్రతివాది లభించుట కవికి కీడు కాదు.

తరువాతి చరిత్ర ఈ మాటకే సాక్ష్యము చెప్పుచున్నది. 2001లో జే-జీ అను ర్యాపర్ ‘టేకోవర్’ అను పాటలో నాస్ ప్రతిభ క్షీణించినదని నిందించెను. నాస్ ‘ఈథర్’తో బదులిచ్చెను. ఎవరు గెలిచిరను చర్చ నేటికిని సాగుచున్నది. 2005లో వారిరువురు ఒకే రంగస్థలముమీద చేతులు కలిపిరి. ‘టేకోవర్’ గల ‘ది బ్లూప్రింట్’ సంపుటమును, నాస్ ‘ఇల్మాటిక్’ను అమెరికా జాతీయ గ్రంథాలయము తన శాశ్వత రికార్డుల పట్టికలో చేర్చినది. 2024లో కెండ్రిక్ లమార్, డ్రేక్ అను ర్యాపర్లు పోరాడినపుడును, ఈ సంస్కృతి ఎవరిది, దానిని వాడుకొనువాడెవడు, దానికి చెందినవాడెవడు అను ప్రశ్నయే ప్రధానమైనది. ఆ పోరులో పుట్టిన ‘నాట్ లైక్ అస్’ 2025లో ఐదు గ్రామీ బహుమతులందినది. ఐనను బహుమతి నాటి తీర్పునకు గురుతు. రాబోవు తరమువారు ఆ ఇరువురిలో ఎవరినుండి యేమి నేర్తురో అది యింకను తేలవలసియున్నది.

2007లో న్యూయార్కు రాష్ట్రము సెడ్జ్‌విక్ ఎవెన్యూలోని ఆ భవనమును హిప్ హాప్ జన్మస్థానముగా గుర్తించెను. కోర్నెల్ విశ్వవిద్యాలయము హిప్ హాప్ పత్రములను, రికార్డులను భద్రపరచు సంగ్రహము నెలకొల్పెను. వాదమునకు కారణమైన ప్రశ్న అట్లు ప్రభుత్వ పత్రములకెక్కినది. ఆ సంవత్సరముననే కె.ఆర్.ఎస్.-వన్, మార్లీ మార్ల్ కలిసి ‘హిప్ హాప్ లివ్స్’ అను సంపుటమును వెలువరించిరి. ఇరువది యేండ్ల క్రిందట ఎవని యంత్రములు చేసిన మ్రోతను ధిక్కరించి పేరుపొందెనో, వాని మ్రోతకే కె.ఆర్.ఎస్.-వన్ తన కంఠమును జతచేసెను. జన్మస్థానము బ్రాంక్స్‌దే యని ఒప్పుకొనుటకు మార్లీకి వెలితి లేదు. క్వీన్స్‌బ్రిడ్జ్ విద్యను స్వీకరించుటకు కె.ఆర్.ఎస్.-వన్‌కు సంకోచము లేదు. ర్యాపర్లలో ఎవరి ప్రభావము చిరస్థాయి యని నేడు వాదించువారు ఎవరు ఎవరిని ఓడించిరని లెక్కించుట మాని, ఎవరి పనినుండి ఎందరు తమ పని నేర్చుకొనిరో విచారింపవలెను. ఆ లెక్కలో శత్రువులును శిష్యులుగనే కనబడుదురు.