పొగగొట్టం సాక్షిగా

నాలుగేళ్ళ క్రితం ఒక శనివారం మధ్యాహ్నం 1996 నాటి డాడ్జ్ రామ్ 2500 పికప్పు ట్రక్కు ఒకటి కొని ఇంటి ముందు ఆపాను. మా ఆవిడ బయటికొచ్చి దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "ఏం, ఉద్యోగం మానేసి ఇటుకలు తోలదామనా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వారమంతా పదిహేనేళ్ళ నాటి జావా కోడుకి అతుకులేసేవాడు శని, ఆదివారాలు కూడా పాత సామానుకే అతుకులెయ్యడం ఏవిటని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ సాయంత్రం మా బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆయన ముప్ఫై ఏళ్ళ పాటు విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపుల షెడ్డులో పనిచేసినవాడు. ఇంకా బండి చూపించనే లేదు, చప్పుడు విని "ఒరే, టాటా కమిన్స్ బండి చప్పుడులా ఉందేంట్రా, అమెరికాలో లారీ కొన్నావా?" అన్నాడు.

ఆయన చెవి పొరబడలేదు. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో పెట్టిన కంపెనీ తయారుచేసింది ఈ కుటుంబానికి చెందిన ఇంజన్లనే. మన హైవేల మీద వడ్లూ సిమెంటూ మోసిన ఎన్నో టాటా లారీల్లో ఉన్నది ఈ బి సిరీస్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనే. అదే ఇంజను ఇక్కడ పశువుల ట్రైలర్లు లాక్కెళ్ళే రైతుల పికప్పులో ఉంది. దాని చరిత్ర తవ్వుతూ పోతే నాకు దొరికినవి చెప్పాలని ఈ టపా.

మేముండేది ఇండియానాపొలిస్. ఇక్కణ్ణుంచి దక్షిణంగా ఓ గంట ప్రయాణంలో కొలంబస్ అనే చిన్న ఊరుంది. క్లెస్సీ కమిన్స్ అనే ఆయన 1919లో అక్కడ కంపెనీ పెట్టాడు. ఆయన చదువు ఎనిమిదో తరగతితో సరి. ఆ ఊళ్ళో ఇర్విన్ అనే బ్యాంకరు ఇంట్లో కారు డ్రైవరు, మెకానిక్కు కూడా. ఆ బ్యాంకరే పెట్టుబడి పెట్టాడు. పదేళ్ళు డబ్బు పోయడమే తప్ప లాభం కనపడలేదు. ఇర్విన్ ఇక చాలనుకునే దశకొచ్చాక, 1929 క్రిస్మస్ రోజున క్లెస్సీ ఆయన్ని ఒక పాత ప్యాకార్డ్ కారులో షికారుకి తీసుకెళ్ళాడు. ఆ కారులో పెట్రోలు ఇంజను పీకేసి, పడవల కోసం చేసిన డీజిల్ ఇంజను ఇరికించి పెట్టాడు. దాన్ని అమెరికాలో మొదటి డీజిల్ కారుగా చెప్పుకుంటారు. బ్యాంకరు మనసు మార్చుకున్నాడు. తర్వాతి నెలలో క్లెస్సీ అదే కారుని న్యూయార్క్ ఆటో షోకి నడుపుకుంటూ వెళ్ళాడు. దాదాపు 800 మైళ్ళకి ఇంధనం ఖర్చు ఒకటిన్నర డాలరు కూడా కాలేదు. 1931లో ఇండియానాపొలిస్ 500 రేసులో ఆయన డీజిల్ కారు ఒక్కసారి కూడా ఆగకుండా 500 మైళ్ళూ పూర్తి చేసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ కంపెనీ బతికి బట్టకట్టిందే ఒకరి కారులో ఇంకొకరి ఇంజను పెట్టి చూడడం వల్ల. దీన్నే ఇవాళ మనం మాడిఫికేషన్ అంటున్నాం.

సరే, పికప్పుల సంగతికొద్దాం. 1970ల్లో చమురు ధరలు పెరిగాక అమెరికా వాళ్ళ చూపు డీజిల్ వైపు మళ్ళింది. 1978లో జనరల్ మోటార్స్ తెచ్చిన ఓల్డ్స్‌మొబిల్ 5.7 లీటర్ల డీజిల్ హెడ్ బోల్టులు తట్టుకోలేక, ఇంధనంలో నీరు వేరుచేసే ఏర్పాటు లేక, డీజిల్ అంటేనే జనం భయపడేంత చెడ్డపేరు తెచ్చుకుంది. 1982లో షెవ్రొలె, 1983లో ఫోర్డ్ పికప్పుల్లో మెరుగైన డీజిళ్ళు పెట్టాయి. కానీ వాటిలో టర్బో లేదు, ఇంధనం నేరుగా సిలిండర్లోకి కాకుండా పక్కనున్న చిన్న గదిలోకి చిమ్మేది.

కమిన్స్ దారి వేరు. వాళ్ళు కేస్ అనే ట్రాక్టర్ల కంపెనీతో కలిసి, 1980లో మొదలుపెట్టిన భాగస్వామ్యంలో ఈ బి సిరీస్ తయారుచేశారు. అది పుట్టింది పొలం పనికి. దాన్ని 1989 మోడల్ డాడ్జ్ పికప్పులో పెట్టారు. టర్బో ఉంది, ఇంధనం నేరుగా సిలిండర్లోకే, శక్తి 160 గుర్రాలు, ఇంజను ఒక్కటే అరటన్ను బరువు. ట్రాక్టరు ఇంజనుకి పికప్పు బాడీ తొడిగారంటే సరిపోతుంది.

1994 నుంచి 1998 మొదటి సగం దాకా వచ్చిన బళ్ళలో బాష్ వాళ్ళ పి7100 పంపు ఉంటుంది. ఇంటి దగ్గర రిపేర్లు చేసుకునేవాళ్ళు ఈ బళ్ళ కోసం ఎగబడేది దీనివల్లే. మన వాళ్ళకి 'మైకో పంపు' అంటే తెలుస్తుంది. 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీ బాష్ వాళ్ళదే, 2008లో పేరు కూడా బాష్‌గా మారింది. ఒక వరసలో ఆరు ప్లంజర్లు, వాటిని కదిపే ఒక కడ్డీ, ఆ కడ్డీ ఎంత దూరం కదలాలో నిర్ణయించే గవర్నరు, అంతే. కంప్యూటరు ప్రమేయం లేదు. డీజిల్ ఆపే సోలెనాయిడ్, చలికాలంలో గాలి వేడిచేసే హీటరు, సెల్ఫు - ఇవి తప్ప ఇంజనుకి కరెంటుతో పెద్దగా పనిలేదు.

నేను మొదట చేసిన పని టాపెట్లు సెట్ చెయ్యడం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మొదటి సిలిండరు పై కొసకి తెచ్చి సగం వాల్వులు, క్రాంకు ఒక పూర్తి చుట్టు తిప్పి మిగతా సగం. ఇన్‌టేకుకి అంగుళంలో నూరో వంతు సందు, ఎగ్జాస్టుకి దానికి రెట్టింపు. ఫీలర్ గేజి జారీ జారనట్టు ఆడాలి. బాబాయి ఫోన్లో చూస్తూ "బిగించాక మళ్ళీ చూడు, బిగించేప్పుడే మారుద్ది" అని ఆరు సార్లు చెప్పాడు. చెప్పినట్టే ఆరింటిలో నాలుగు మారాయి :-)

రెండోది డొవెల్ పిన్ను. టైమింగ్ గేర్ల పెట్టెని బ్లాకుకి సూటిగా కూర్చోబెట్టడానికి వేలి కొసంత ఉక్కు పిన్ను ఒకటి పెట్టారు. ఏళ్ళ తరబడి అదురుకి అది మెల్లగా ముందుకు జరిగి గేర్ల మధ్యలో పడొచ్చు. పడితే ఇంజను సంగతి అయిపోయినట్టే. మందు ఏవిటంటే, పక్క బోల్టు కింద ఒక చిన్న రేకు ముక్క పెట్టి, పిన్ను బయటికి రాకుండా అడ్డం కొట్టడం. రేకు ఖర్చు కొద్ది డాలర్లే గానీ, అక్కడికి చేరడానికి ఫ్యానూ, పుల్లీ, ముందు కవరూ అన్నీ విప్పాలి. నాకు రెండు వారాంతాలు పట్టింది. నా బండిలో పిన్ను ఉన్నచోటే ఉంది, అయినా రేకు పెట్టేశాను. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్ పడిపోకముందే వేసిన పాచ్ అన్నమాట.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

డీజిల్ ఇంజనులో గాలికి అడ్డు ఉండదు. ఎంత డీజిల్ పోస్తే అంత శక్తి. పంపు పైభాగంలో ఒక చిన్న ఉక్కు పలక ఉంటుంది. కడ్డీ అంతకు మించి కదలకుండా ఆపేది అదే. దాని పక్కనే టర్బో ఒత్తిడితో పనిచేసే ఒక డయాఫ్రం, టర్బో గాలి అందేదాకా డీజిల్ తగ్గించి పోయించడం దాని పని. ఆ పలక మార్చి, డయాఫ్రం పెట్టెని కాస్త ముందుకి జరిపితే, గంటన్నర పనితో బండికి బోలెడు పికప్ వస్తుంది. నేను రెండూ చేశాను. వెనక గొట్టంలో వేడి 1250 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదని ఈ బళ్ళవాళ్ళ లెక్క, అందుకని ఒక మీటరు కూడా బిగించాను. ఇంజను క్షేమం అన్ని విధాలా ఆలోచించాను మరి.

సోమవారం పొద్దున్న మా వీధి చివర ఆగి, ఉత్సాహం కొద్దీ కాలు గట్టిగా నొక్కాను. వెనకద్దంలో చూస్తే కాటుకలాంటి పొగ. అది స్కూలు బస్సు కోసం నించున్న ఆరేడుగురు పిల్లల్ని కప్పేసింది. అందులో ఒక పిల్లాడు జేబులో ఇన్‌హేలర్ లేనిదే గడప దాటడు. మా పెద్దమ్మాయి కూడా వాళ్ళలో ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చాక అది నా దగ్గరకొచ్చి, "నాన్నా, అది మన బండేనని నేను ఎవరికీ చెప్పలేదు" అంది.

ఆ రాత్రే పాత పలక మళ్ళీ బిగించాను. బాబాయికి చెప్తే తిట్టలేదు. "నల్లపొగ అంటే కాలని డీజిలేరా. షెడ్డుకొచ్చిన ప్రతి డ్రైవరూ పంపు పెంచమనేవాడు, మేం పెంచేవాళ్ళం. ఆ పొగ మేమూ పీల్చాం" అన్నాడు. ఆయన దగ్గు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

అమెరికా చట్టం కూడా ఈ పనిని ఒప్పుకోదు. క్లీన్ ఎయిర్ చట్టానికి 1990లో చేసిన సవరణలతో, కాలుష్య నియంత్రణని చెడగొట్టడం మెకానిక్కులకే కాదు, బండి సొంతదారుకి కూడా నేరమైంది. 2007 తర్వాతి బళ్ళలో మసి పట్టే ఫిల్టర్లొచ్చాయి. వాటిని పీకేసి, సాఫ్ట్‌వేర్ మార్చేసే వ్యాపారం పుట్టింది. గడిచిన పదేళ్ళలో 5,50,000కి పైగా డీజిల్ పికప్పులకి ఇలా చేశారని పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. ఇంటి మెకానిక్కులు చెడ్డవాళ్ళు, కంపెనీ కోడు మంచిది, కాబట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదు అనే వాదనకి ఇది బాగా పనికొచ్చింది.

మరి 2023 డిసెంబరులో ఏమైంది? అదే కమిన్స్ కంపెనీ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. క్లీన్ ఎయిర్ చట్టం కింద అంత పెద్ద సివిల్ జరిమానా అంతకుముందు లేదు. 2013 నుంచి 2019 దాకా వచ్చిన సుమారు 6,30,000 రామ్ పికప్పుల ఇంజన్లలో, కాలుష్య నియంత్రణని దాటవేసే సాఫ్ట్‌వేర్ ఉందన్నది ప్రభుత్వ ఆరోపణ. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ డబ్బు కట్టింది.

నన్ను పట్టుకుని వదలని విషయం ఇదే. నా పలక చేసిన తప్పు అద్దంలో నల్లగా కనపడింది, నా కూతురు నన్ను నిలదీసింది, నేను సరిదిద్దుకున్నాను. ఆ 6,30,000 బళ్ళ వెనక ఎవరికీ ఏమీ కనపడలేదు. నైట్రోజన్ ఆక్సైడులకి రంగు పొగ ఉండదు. సొంతదారుకి తెలీదు, మెకానిక్కుకి తెలీదు, తెలుసుకోవాలన్నా మూత విప్పి చూడడానికి వీల్లేదు. 2015లో అమెరికా కాపీరైట్ నియమాల్లో మినహాయింపు ఇచ్చేదాకా, సొంత బండి రిపేరు కోసం దాని సాఫ్ట్‌వేర్ తాళం దాటడం చట్టబద్ధమో కాదో తేలని పరిస్థితి.

అలాగని పాతదే బంగారం అని నేననను. లెక్క చూడండి: 1996లో ఈ తరగతి ఇంజన్లకి నైట్రోజన్ ఆక్సైడుల పరిమితి గుర్రపుశక్తి-గంటకి 5 గ్రాములు. 2010 నాటికి అది 0.2. అంటే ఇరవై అయిదో వంతు. మసి పరిమితి పదో వంతుకి దిగింది. నా బండి ఎంత చక్కగా సెట్ చేసినా, సరిగ్గా పనిచేసే కొత్త బండి ముందు మురికిదే. అందుకే దాన్ని నెలకి రెండుమూడు సార్లు, కలపో మట్టో తెచ్చుకునే పనికి తప్ప తియ్యను.

ఇక మన సంగతి. మనలో చాలామందిమి రాసేది ఇలా మూత బిగించి పంపే కోడే. బండ్లలోదే కానక్కర్లేదు, అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చేది కావచ్చు, ఆస్పత్రి బిల్లు వేసేది కావచ్చు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు అనడానికి మనం చెప్పే కారణాలు చాలాసార్లు నిజమైనవే, నా పలకే దానికి సాక్ష్యం. కానీ ముట్టుకోవద్దు అనడం వేరు, చూడొద్దు అనడం వేరు. బండి కొన్నవాడికి అందులో కోడు ఏం నిర్ణయిస్తోందో చూసే హక్కుంటే, ఆరు లక్షల మందిలో ఒక్కడైనా అడిగి ఉండేవాడని నా నమ్మకం. మార్చే హక్కుకి చట్టం హద్దులు పెట్టనీ, నేను కాదనను. చూసే హక్కుకి మాత్రం హద్దు పెట్టడానికి నాకు న్యాయమైన కారణం ఒక్కటీ తోచలేదు.

మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో ఉంది. పోయిన నెల టాపెట్లు చూసేప్పుడు ఫీలర్ గేజి తనే పట్టుకుంది. అంతా అయ్యాక ఇంజను స్టార్ట్ చేస్తే, ముందుకి రాకుండా వెనక్కెళ్ళి గొట్టం దగ్గర నించుని చూసింది. "ఓకే నాన్నా, కనపట్లేదు" అంది.

కనపడనిది కూడా ఉంటుందని దానికి ఇంకా చెప్పలేదు. చెప్పాలి.