ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు

చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ. 1988లో స్థాపితమైంది, కేంద్రం జెనీవా. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి తోటను 2003 నాటికి పునరుద్ధరించి, తర్వాత సమాధి పైకప్పు మీద 20వ శతాబ్దంలో పొరలు పొరలుగా పరిచిన సుమారు 10 లక్షల కిలోల కాంక్రీటును తొలగించింది.

తెలుగువారికి ఈ సంస్థ హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల ద్వారా పరిచయం. 2013లో పని మొదలైంది. ఇక్కడా పాత మరమ్మతుల సిమెంటే పెద్ద తలనొప్పి. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన నీరు రాతినీ సున్నాన్నీ తినేస్తుంది. అందుకే గుమ్మటాల మీది సిమెంటు చెక్కేసి, మేస్త్రీల చేత మళ్లీ డంగుసున్నమే పూయించారు. సున్నం ఆరడానికి చాలా రోజులు పడుతుంది, గుత్తేదారుల తొందరకు అది సరిపడదు. ప్రాంగణంలో కూలిన బడీ బావి అనే మెట్లబావిని కూడా తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. సమాధుల ప్రాంగణం యాజమాన్యం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిదే. ట్రస్టు పునరుద్ధరణ బాధ్యత నిర్వహించింది.